గణకయంత్రము చెప్పు ముక్తసరి మాట



తుపాను దినములలో మచిలీపట్నము, కాకినాడ, విశాఖపట్నము రేవులయందు ఎగురవేయు హెచ్చరిక సంకేతములను గూర్చి మీరందఱును వినియే యుందురు. మూడవ నంబరు ఎగురవేసినారనియు, పదవ నంబరు ఎగురవేసినారనియు వార్తలలో చెప్పుచుందురు. ఆ సంకేతములు 1 మొదలు 11 వఱకు గలవు. మొత్తముమీద పెద్ద యంకె పెద్ద యపాయమునకు గుర్తు. పల్లెకారు గాలివేగపు లెక్కలు అడుగడు. ఏ నంబరు అని మాత్రమే యడిగి, పడవను నీటిలోనికి దింపుటయో యొడ్డుకు లాగుటయో నిశ్చయించుకొనును. కాని యీ పదునొకండింటిలో కడపటిది తక్కిన పదింటి వంటిది కాదు. పదునొకండవ సంకేతమనగా పదవ దానికంటె పెద్ద తుపాను అని యర్థము కాదు. హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, ఇచటి యధికారికి మాత్రము ప్రమాదము తోచుచున్నది అని దాని యర్థము. తక్కినవి యన్నియు వార్తలు. ఇది వార్త రాకపోవుట.

ఈ భేదమును మనస్సునందుంచుకొనుడు. నేటి ప్రసంగమున నేను చెప్పబోవు విషయమున కిది చాల యుపకరించును.

మెయిన్‌ఫ్రేము అను పెద్ద గణకయంత్రములను మనలో ననేకులు చూచియుండరు. అవి బల్లమీద నుండు కంప్యూటరుల వంటివి కావు. చల్లని గదులలో బీరువాల వలె నిలిచియుండును. పెద్ద బ్యాంకుల ఖాతాలు, బీమా పత్రములు, విమానముల సీట్లు, ప్రభుత్వముల పింఛనుల లెక్కలు లోకమునందు బహుభాగము వీనిమీదనే నడచుచున్నవి. వీని వంశమునకు మూలపురుషుడు ఐ.బి.ఎం. సంస్థవారు 1964వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీని ప్రకటించిన సిస్టం 360 అను యంత్రము. ఆనాడు ఏర్పఱచిన మర్యాదలు పెక్కు నేటి యంత్రములందును చెల్లుచున్నవి. షష్టిపూర్తి దాటిన సంప్రదాయమన్నమాట.

ఈ యంత్రముల పని యెక్కువగ రాత్రివేళ జరుగును. పగలు జనులు డబ్బు వేయుదురు, తీయుదురు. రాత్రి యంత్రము కూర్చుండి కరణము చిట్టా వ్రాసినట్లు లెక్కలు వ్రాయును. ముందు ఆనాటి పద్దులన్నియు ప్రోగుచేయవలెను. తరువాత ఖాతా నంబరుల వరుసను పేర్చవలెను. పిదప ఆయా ఖాతాలలో చేర్చవలెను. ఆపైన వడ్డీ కట్టవలెను. తుదకు పట్టికలు ముద్రింపవలెను. ఇట్టి పనుల మొత్తమునకు జాబు అని పేరు, అందలి యొక్కొక్క మెట్టునకు స్టెప్పు అని పేరు. మన భాషలో జాబు అనగా ఉత్తరము, ఉత్తరమనగా మరల సమాధానము. ఈ జాబులోని ప్రతి స్టెప్పును తన పని ముగిసినంతనే యొక సమాధానము చెప్పితీరవలెను. ఆ సమాధానము ఒక్క సంఖ్య. దానిని రిటర్న్ కోడు అందురు. మనము ప్రత్యుత్తరాంకము అని చెప్పుకొందము.

ఆ యంకములలో వాడుకయందున్నవి ముఖ్యముగ నైదు: 0, 4, 8, 12, 16. సున్న యనగా పని నిర్విఘ్నముగ ముగిసినది. 4 అనగా ముగిసినది గాని యొకమాఱు చూచుకొనుడు. 8 అనగా దోషమున్నది, ఫలితమును నమ్మరాదు. 12 అనగా దోషము పెద్దది. 16 అనగా పని సాగనే లేదు. ఇది సామాన్యమైన యాచారము మాత్రమే. శాసనము కాదను సంగతిని ముందు చెప్పెదను.

ఒకటి, రెండు, మూడు అని యుండక నాలుగేసి పెరుగుట యెందుకు? నా శిష్యుడొకడు హైదరాబాదులో నీ వృత్తియందున్నాడు. వానిని నే నడిగిన మొదటి ప్రశ్న యిదియే. వాడు చెప్పిన కారణము మిగుల సొగసైనది. యంత్రములోపల రిజిస్టరులు అను పదునాఱు చిన్న యరలు గలవు. వానికి 0 మొదలు 15 వఱకు సంఖ్యలు. పని ముగించిన ప్రోగ్రాము తన సమాధానమును పదునైదవ రిజిస్టరులో నుంచి వెనుకకు మరలును. పిలిచిన ప్రోగ్రాము ఆ యంకమును చూచి యేమి చేయవలెనో నిర్ణయించుకొనవలెను. ఆ యంత్రములో "ఫలాని చోటికి పొమ్ము" అను ఆజ్ఞ యొక్కటి నాలుగు బైటుల స్థలము నాక్రమించును. ఒక పొడవైన వసారాయందు నాలుగు మూరల కొక వాకిలి చొప్పున వరుసగ వాకిండ్లున్నవనుకొనుడు. దూతచేతి చీటిలో 8 అని యున్నచో వాడు ఎనిమిది మూరలు నడచి, ఎదుటనున్న వాకిటిలోనికి పోవును. సున్న యని యున్నచో నిలిచిన చోటి వాకిటిలోనికే పోవును. గుణకారము లేదు, పోలిక లేదు. వచ్చిన సంఖ్యయే నడువవలసిన దూరము. యంత్రమున కొక్కొక్క క్షణమును, ఒక్కొక్క బైటును విలువగలదై యున్న కాలమున నిది గొప్ప పొదుపు. అప్పటి పొదుపు నేటికిని నాలుగుల యెక్కమై నిలిచినది.

ఈ పదునైదవ రిజిస్టరును గూర్చి యొక కథ యా వృత్తివారిలో ప్రసిద్ధము. ఐ.ఇ.ఎఫ్.బి.ఆర్.14 అను ప్రోగ్రాము కలదు. దాని పని యేమియు లేకుండుట. పిలిచినంతనే మరలిపోవును. ఏమియు చేయనిదానితో నేమి యుపయోగమని మీరడుగవచ్చును. స్టెప్పుతోపాటు "ఈ దస్త్రమును సృష్టింపుము, ఈ దస్త్రమును తొలగింపుము" అని వ్రాసిన యాజ్ఞలను యంత్రమే నెరవేర్చును. కాని స్టెప్పు అన్న పిమ్మట పిలుచుటకు ప్రోగ్రాము ఒకటి యుండవలెను గదా. సంతకమునకు సాక్షి కావలసినట్లు. మొదట నా ప్రోగ్రామునందు ఒక్కటే యాజ్ఞ యుండెను: మరలిపొమ్ము. అది సరిగనే మరలెను గాని పదునైదవ యరలో నేమియు వ్రాయలేదు. అచ్చట నంతకుముందున్న వేఱొక సంఖ్యనే యంత్రము ప్రత్యుత్తరముగ గ్రహించి, దోషము లేనిచోట దోషమున్నదని పలికెను. అందుపై రెండవ యాజ్ఞ చేర్చిరి: ముందు ఆ యరను సున్న చేయుము, పిదప మరలుము. ఒక్క వాక్యపు ప్రోగ్రాములో దోషము దొరకుటయు, దిద్దుబాటుతో నది రెట్టింపగుటయు చూచి యావృత్తివారు నేటికిని నవ్వుకొందురు. నాకు మాత్రమిందు నవ్వుకంటె నెక్కువ కనబడుచున్నది. మౌనము సున్న కాదు. ఏమియు చేయనివాడును "ఏ లోపము లేదు" అని నోట పలుకవలసినదే.

అంకము వచ్చిన తరువాత దానినిబట్టి తక్కిన స్టెప్పులను నడుపుటయో మానుటయో జరుగవలెను. అందుకు కాండ్ అను నిబంధన యొకటి గలదు. క్రొత్తగ నేర్చుకొనువారి కిది పెద్ద చిక్కు. "4 తక్కువైనచో" అని స్టెప్పువద్ద వ్రాసియున్నదనుకొనుడు. చదివినవాడు అంకము నాలుగునకు తక్కువైనచో నీ స్టెప్పును నడుపవలెనని భావించును. ఉన్న యర్థము వేఱు. వెనుకటి యంకముకంటె 4 తక్కువైనచో, అనగా వెనుకటి స్టెప్పు 8యో 12యో చెప్పినచో, ఈ స్టెప్పును విడిచిపెట్టుము అని. రెండు తలక్రిందులు: పోల్చుటలో ముందు మన సంఖ్య వచ్చును, వెనుక యంత్రము చెప్పిన సంఖ్య వచ్చును, మఱియు నిబంధన నిజమైనచో పని జరుగదు. మీమాంసకులు విధి యనియు, నిషేధమనియు వాక్యములను విభజింతురు. ఇది విధి వేషము ధరించిన నిషేధము. తరువాతి కాలమున "ఇట్లయినచో నిది చేయుము, లేనిచో నది చేయుము" అను సుబోధమైన పద్ధతియు వచ్చినది గాని, పూర్వము వ్రాసిన జాబులు వేలకొలది యట్లే నడచుచున్నవి. వానిని చదువలేనివానికి రాత్రి కాపలా యొప్పగింపరాదు.

ఇక అంకముల యర్థము శాసనము కాదంటిని. ఏ ప్రోగ్రాము చెప్పిన యంకమునకు నర్థము ఆ ప్రోగ్రాము పుస్తకమునందే వెదకవలెను. ఐ.ఇ.బి.సి.ఓ.ఎం.పి.ఆర్. అనునది రెండు దస్త్రములను సరిపోల్చు ప్రోగ్రాము. అది 8 చెప్పినచో యంత్రము చెడినదని కాదు, రెండును సమానముగ లేవని యర్థము. భేదము కనిపెట్టుటకే దానిని పిలిచినవానికి 8 శుభవార్తయే. ఐ.డి.సి.ఏ.ఎం.ఎస్. అను మఱొక ప్రోగ్రామునకు, లేని దస్త్రమును తొలగింపుమని చెప్పినచో 8 చెప్పును. రాత్రి జాబు మొదట పాత దస్త్రమున్నచో తుడిచివేయుట వాడుక. లేకున్నను నష్టము లేదు. ఆ 8 వలన జాబు నిలిచిపోవుచున్నదని విసిగి, చాలమంది క్రింద నొక పంక్తి వ్రాయుదురు: గరిష్ఠాంకమును సున్న చేయుము అని. అంతట యంత్రము ప్రతి రాత్రియు సున్న యని పలుకును. దస్త్రము లేకపోవుటచేత వచ్చిన 8 తుడిచివేయబడును. వేఱొక కారణమున తొలగింపు జరుగకపోయినచో నా 8 కూడ తుడిచివేయబడును. ఈ యలవాటు నాకు నచ్చలేదు. పిల్లవాడు ప్రతిదినము దగ్గుచున్నాడని నోరు మూయించుట వంటిది. ఏ దోషమును క్షమింపవలెనో దానినే పేరుపెట్టి క్షమించు మార్గములున్నవి. అవి వ్రాయుటకు రెండు పంక్తులెక్కువ పట్టును, అంతియే.

సున్నను గూర్చియు నొక మాట. వరుస పేర్చు ప్రోగ్రామునకు నానాటి పద్దుల దస్త్రమునకు బదులు ఖాళీ దస్త్రమును ఇచ్చినచో నేమగును? సాధారణముగ నది యేమియు లేనిదానిని చక్కగ వరుస పేర్చి సున్న యని చెప్పును. అది యబద్ధమాడలేదు, తనకు చెప్పిన పని చేసినది. అందుచేత బుద్ధిమంతులు పద్దుల సంఖ్యను, మొత్తమును వేఱుగ లెక్కించి, తెచ్చినదియు చేర్చినదియు సరిపోయినవా యని చూచు స్టెప్పును నడుమ నుంచుదురు. ధాన్యము కొలుచునపుడు కొలిచినవాడొకడు, గుర్తులు వేయువాడొకడు నుండుట మన కళ్ళములలో నెఱిగినదే.

అంకములు యంత్రము తనలో తాను మాటలాడుకొనుటకు. మనుష్యులతో మాటలాడుటకు సందేశములున్నవి. ప్రతి సందేశమునకును ముందొక గుర్తు ఉండును. ఉదాహరణమునకు ఐ.ఇ.ఎఫ్.142ఐ అను గుర్తును చూతము. మొదటి మూడక్షరములు యంత్రములోని యే శాఖ మాటలాడుచున్నదో చెప్పును, ఐ.ఇ.ఎఫ్. జాబులను నడపు శాఖ. నడిమి సంఖ్య సందేశము యొక్క వరుస సంఖ్య. చివరి యక్షరమే మనకు ముఖ్యము. ఈ సందేశము "ఫలాని స్టెప్పు నడచినది, దాని యంకము ఇంత" అని చెప్పును.

వ్యాకరణము చదివినవారికి ఈ చివరి యక్షరమును చూచినంతనే పాణిని యనుబంధములు జ్ఞప్తికి వచ్చును. 'క్త' అను ప్రత్యయమునందు కకారము ఇత్తు, రూపములో నిలువదు. 'కృ' ధాతువునకు చేర్పగా 'కృత' మాత్రమే మిగులును. కాని గుణము రాకుండ చేసినది ఆ కకారమే. అది లేని 'తృచ్' చేర్చినచో గుణము వచ్చి 'కర్తృ' యగును. పలుకబడని యక్షరము కార్యమును నియమించుచున్నది. ఇచ్చటను నట్లే: సందేశములోని మాటలు చదువకమునుపే చివరి యక్షరము మనము చేయవలసిన కార్యమును నియమించును.

ఐ అనగా తెలియజేయుటకు మాత్రమే, చేయవలసినదేమియు లేదు. ఏ అనగా వెంటనే పని చేయవలెను. ఐ.ఇ.ఎఫ్.233ఏ ఇట్టిది: ఫలాని టేపును ఫలాని పరికరమున కెక్కింపుమని యది యాజ్ఞాపించును. డి అనగా నిర్ణయము చెప్పవలెను. ఐ.ఇ.ఎఫ్.238డి వచ్చినచో యంత్రము, ఏ పరికరము నిచ్చెదవో చెప్పుము, లేదా రద్దనుము అని యాపరేటరు నడుగుచున్నది. ఉత్తరము వచ్చువఱకు ఆ జాబు కదలదు. ఇ అనగా తీరిక చూచుకొని చేయవలసిన పని. డబ్ల్యూ అనగా పని నిలిచిపోయినది, ఏదో చేసినగాని సాగదు. ఎస్ అనగా తీవ్రదోషము.

ఇచ్చట నొక తికమక కలదు. కోబాలు భాషలో వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరు కూడ తన సందేశముల చివర అక్షరములు వేయును: ఐ, డబ్ల్యూ, ఇ, ఎస్, యు. వానికి సరియైన యంకములు వరుసగ 0, 4, 8, 12, 16. కాని యచ్చట డబ్ల్యూ అనగా హెచ్చరిక మాత్రమే, ఇ అనగా దోషము. ఆపరేటరు తెరమీద డబ్ల్యూ వచ్చిన పని నిలిచినదని. కంపైలరు పట్టికలో డబ్ల్యూ వచ్చిన పని సాగినదని. ఒక్క యక్షరమునకు రెండర్థములు. సైంధవమనగా నుప్పు, సైంధవమనగా గుఱ్ఱము. భోజనమువేళ సైంధవము తెమ్మన్న గుఱ్ఱమును తెచ్చువానిని గూర్చి మన శాస్త్రములలో చెప్పుకొన్నదే ఇచ్చటను వర్తించును: ప్రకరణము చూడవలెను.

ఇప్పుడు పదునొకండవ నంబరు సంకేతమునకు వత్తము. స్టెప్పు 16 చెప్పినను అది వార్తయే. ప్రోగ్రాము బ్రతికియుండి, తన కష్టమును తానే చెప్పుకొన్నది. కొన్ని వేళల ప్రోగ్రాము నడుమనే కూలిపోవును. అప్పుడు దాని ప్రత్యుత్తరాంకము లేనే లేదు. యంత్రమే దానిని బయటికీడ్చి, కారణము నొక గుర్తుగ వ్రాయును. దీనికి ఆబెండు అని పేరు, అసహజమైన ముగింపు అని యర్థము. ఎస్ 0సి7 వీనిలో మిగుల ప్రసిద్ధము: సంఖ్య యుండవలసిన స్థానమున సంఖ్య కానిది యున్నది, దానిని కూడుమన్నారు, యంత్రము కూడలేక పోయినది. ఎస్ బి37 అనగా దస్త్రమునకు చోటు చాలలేదు; ధాన్యమింకను నున్నది, గాదె నిండినది. ఎస్ 322 అనగా ఇచ్చిన గడువు మీఱినది. ఎస్ 806 అనగా పిలిచిన ప్రోగ్రాము కానరాలేదు. ఎస్ 222 అనగా ఆపరేటరే రద్దుచేసినాడు. ఈ గుర్తులలోని అంకెలు పదునాఱు చిహ్నముల లెక్కలోనివి. తొమ్మిది తరువాత పది యని వ్రాయక ఏ, బి, సి మొదలుగ ఎఫ్ వఱకు వ్రాయుదురు. అందుచేతనే అంకెలనడుమ అక్షరములు కనబడును.

స్టెప్పొకటి యిట్లు కూలినచో తరువాతివి సామాన్యముగ నడువవు. అయితే "కూలినను నడువుము" అనియు, "కూలిననే నడువుము" అనియు రెండు మినహాయింపులు గలవు. రెండవది, ఇంటిలో ననర్థము జరిగిన నాడు మాత్రమే కబురు తీసికొనిపోవువాని వంటిది.

ఇవి యన్నియు యంత్రశాలలోని వ్యవహారములు, మన కేమి పని యని యనుకొనరాదు. 2012వ సంవత్సరము జూను మాసమున బ్రిటనునందలి రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండు కూటములో రాత్రి జాబులను వరుసగ నడపు సాఫ్టువేరును మార్చిరి. మార్పు చెడినది, వెనుకటి స్థితికి త్రిప్పబోగా జాబుల వరుసయే తప్పినది. ఆ కూటములోని నాట్‌వెస్టు, అల్‌స్టర్ బ్యాంకులలో ఖాతాలు వ్రాయబడలేదు. పడవలసిన జీతములు పడలేదు, చెల్లవలసినవి చెల్లలేదు. బ్రిటనున 65 లక్షల ఖాతాదారులు కష్టపడిరి. అల్‌స్టర్ బ్యాంకులో చిక్కు వారములు సాగెను. 2014 నవంబరులో ఆ దేశపు నియంత్రణాధికారులు 5 కోట్ల 60 లక్షల పౌండ్ల జరిమానా విధించిరి. ముందు స్టెప్పు ముగిసినదో లేదో తెలియక వెనుకటి స్టెప్పు నడువరాదు. ఆ తెలియుట పోయినంతనే బ్యాంకు పుస్తకము మూతపడినట్లే.

మన తెలుగువారికిని దీనికిని సంబంధము దూరపుది కాదు. 1990 దశాబ్దపు చివర, సంవత్సరమును రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములు 2000 సంవత్సరము రాగానే తప్పుపలుకునను భయము లోకమంతటను పుట్టెను. వానిని దిద్దుటకు మెయిన్‌ఫ్రేము నేర్చినవారు వేలకొలది కావలసివచ్చిరి. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణాలయములలో కోబాలు నేర్చిన పల్లెటూరి పిల్లలనేకులు ఆ పనిమీద సముద్రములు దాటిరి. వారిలో కొందఱును, వారి తరువాతివారును నేటికిని నీ యంకములను చూచుచు జీవించుచున్నారు. అమెరికాలో రాత్రి యైనపుడు మనకు పగలు గనుక, అచ్చటి రాత్రి జాబులకు ఇచ్చటినుండియే కాపలా కాయువారును గలరు.

మీ మనుమడు భోజనమునకు కూర్చున్నవేళ ఫోను వచ్చినదనుకొనుడు. అవతలివాడు కథ చెప్పడు. "ఎస్ 0సి7, అయిదవ స్టెప్పు" అనును. ఆ రెండు మాటలతో నితడు సంఖ్య కాని పద్దు ఒకటి దస్త్రములోనికి దూరినదని గ్రహించును. ఆ పద్దును వెదకి వేఱుచేయవలెను. పిదప జాబును మరల నడుపవలెను. అయితే మొదటి స్టెప్పునుండి నడుపరాదు. మూడవ స్టెప్పులో పద్దులు ఖాతాలలో చేరినవి. నాలుగవదానిలో వడ్డీ కట్టబడినది. రెండింటి యంకములును సున్నలు. మరల నడిపినచో నొక రైతు వేసిన వేయి రూపాయలు రెండు వేలగును, తీసినవాని సొమ్ము రెండుసార్లు తరుగును. అందుచేత నే స్టెప్పు ఏ యంకముతో ముగిసినదో వ్రాసిన పట్టికను ముందుంచుకొని, కూలిన యైదవ స్టెప్పునుండియే మరల ప్రారంభించును. తెల్లవాఱి బ్యాంకు తలుపులు తెఱచులోపల ఐ.ఇ.ఎఫ్.142ఐ అను పంక్తి చివర నాలుగు సున్నలు కనబడవలెను.